దుగ్గిరాల లాకుల ఫోటో

"అమ్మా, పెద్ద ఫ్లాస్కు ఎక్కడ పెట్టావు?"

నా కొడుకు దుర్గాప్రసాద్ వంటింట్లో అలమార తలుపులన్నీ బార్లా తీసి నిలబడ్డాడు. పొద్దున ఎనిమిదిన్నరయింది. ఆటోనగర్‌లో వాడి లారీ స్పేర్‌పార్టుల కొట్టు తీసేది తొమ్మిదిన్నరకి.

"ఫ్లాస్కెందుకురా?"

"మజ్జిగకి."

"కొట్టు పక్కనే మజ్జిగ బండి ఉందిగా."

"అది శుభ్రంగా ఉండదు."

"ఇరవై రెండేళ్ళు తాగినాక తెలిసిందా?"

వాడు పై అరలో చెయ్యి పెట్టాడు. ఆవాల డబ్బా కింద పడి దొర్లింది. దాన్ని కాలితో పక్కకి నెట్టాడు. నా కోడలు ఝాన్సీ ఇంట్లో ఉంటే ఆ కాలు ఆ పని చేసేది కాదు. ఆవిడ లేకనే కదా, నెల రోజులుగా ఈ ఇంట్లో ఉండాల్సిన వస్తువు ఉండాల్సిన చోట లేదు.

నేనే లేచి ఫ్లాస్కు తీసిచ్చాను. అది స్టవ్వు పక్కనే, వాడి కళ్ళెదుటే ఉంది.

మజ్జిగ ఒక్కటే అయితే నేను నోరు మూసుకునేదాన్ని. లేత నీలం చొక్కా తనే ఇస్త్రీ చేసుకున్నాడు. కాలరు దగ్గర మడత అలాగే ఉండిపోయింది. పోయిన ఏడు ఝాన్సీ కొన్న చొక్కా అది. ఈ రంగు నాకు నప్పదని ఒక్కసారి కూడా వేసుకోలేదు. గుమ్మం దగ్గర నల్ల గొడుగు తెచ్చి పెట్టుకున్నాడు. అది చాలక స్టీలు డబ్బాలో తాటి ముంజలు. తెల్లవారగానే ఎక్కడికో పోయి తెచ్చి, సింకు దగ్గర నిలబడి తనే ఒలిచాడు. యాభై దాటిన మనిషి, చేతకాక సగం చిదిపాడు. నేను ఒలుస్తానంటే చెయ్యి వేయనివ్వలేదు.

"ముంజలు కూడా కొట్టుకేనా?"

"ఇశ్రాయేలుకి ఇష్టం."

ఇశ్రాయేలు కొట్టు పక్క షెడ్డులో మెకానిక్కు. అతనికి ముంజలంటే ఇష్టమని ఇన్నేళ్ళలో నేను వినలేదు. ముంజలు కనిపిస్తే అన్నం మానేసేది ఎవరో మాత్రం మా ఇంట్లో అందరికీ తెలుసు.

నిన్న సాయంత్రం ఝాన్సీ పేజీలో ఆ ఫోటో వచ్చినప్పటి నుంచి వీడి వరస ఇది. ఫోన్లో ఆవిడకి ఒక పేజీ ఉంది. సైకిలు మీద పోతూ దారిలో తీసిన ఫోటోలన్నీ అందులో పెడుతుంది. నిన్నటిది కాలువ గట్టున రెయిలింగుకి ఆనించిన సైకిలు. కింద రెండు ముక్కలు రాసి ఉన్నాయి. 'దుగ్గిరాల లాకులు. రేపు పొద్దున తొమ్మిదికల్లా వారధి దిగుతాను.'

పదిహేను రోజుల తర్వాత మా కోడలి నుంచి వచ్చిన మొదటి మాటలవి. అంతకు ముందు ఫోటోలు వచ్చేవి, మాట ఉండేది కాదు. మొన్న మూడు రోజులైతే ఫోటో కూడా లేదు. ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. ఆ మూడు రోజులూ నేను తిన్న అన్నం ఎటు పోయిందో నాకే తెలియదు.

ఎవరిని తిట్టాలో తెలియక నేను ఇద్దరినీ తిడుతున్నాను. బడికి సెలవులివ్వగానే, లెక్కల పంతులమ్మ మా ఝాన్సీ, నర్సు కృప, రిటైరైన సంపూర్ణమ్మ, ముగ్గురూ కలిసి కన్యాకుమారికి సైకిళ్ళ మీద బయలుదేరారు. పోయేటప్పుడు సైకిలు, వచ్చేటప్పుడు రైలు. అదీ ఒప్పందం. వీడు మొదట సణిగినా ఒప్పుకున్నాడు. తీరా రైలు వచ్చే రోజున ముగ్గురి సైకిళ్ళూ వేసుకురావడానికి ట్రాలీ ఆటో మాట్లాడి స్టేషన్‌కి వెళ్ళాడు. ఇద్దరే దిగారు.

"అంకుల్, ఆంటీ వచ్చేటప్పుడు కూడా సైకిలు మీదే వస్తానన్నారు" అని కృప ప్లాట్‌ఫారం మీద, అందరి ముందూ చెప్పింది. వాడికి ముందు ఒక ఫోన్ చెయ్యొద్దూ మా కోడలు మహాతల్లి. వీడేం చేశాడు? మిగతా ఇద్దరి సైకిళ్ళనూ వాళ్ళ వాళ్ళ ఇళ్ళకి చేర్చి, వట్టి చేతులతో వచ్చి, హాల్లో కూర్చుని ఫోన్లోకి మాట్లాడి ఝాన్సీకి పంపాడు. "సైకిలే కావాలనుకుంటే ఆ సైకిలు మీదే ఉండు. ఇక్కడ నీకు తలుపు తీసేవాళ్ళెవరూ లేరు."

అంత మాట అన్నవాడు ఆ ఫోటోలు చూడకుండా ఉన్నాడా? చూడనని ఒట్టు పెట్టుకున్నాడు. కొట్లో ఇశ్రాయేలు ఫోన్ తెచ్చి ముఖం ముందు పెడతాడట. "అన్నయ్యగారూ, వదినగారు మదురై దాటేశారండి" అని. "ఆటోనగరంతా నా పెళ్ళాం ఫోటోలే చూస్తోందమ్మా" అని ఇంటికొచ్చి చిందులు. ఆ చిందుల మధ్యలోనే, "పాదాలు వాచినట్టున్నాయి, చెప్పులు మార్చుకోమని చెప్పేవాళ్ళు లేరు అక్కడ" అన్నాడు. పాదాలు కనిపించాలంటే ఆ ఫోటోని ఎంత పెద్దది చేసి చూడాలో నాకు తెలియదా.

"నాన్నా, ఎండ చాలా ఉంది. ఇవాళ వెళ్ళొద్దు." నా మనవరాలు శ్రీదుర్గ గదిలోంచి వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. డిగ్రీ ఆఖరి సంవత్సరం. నిన్న సాయంత్రం నుంచి దాని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఎక్కడికి వెళ్ళొద్దు?"

"అదే, కొట్టుకి."

"కొట్టు ఎండలో ఉందా ఏంటి?"

"అమ్మ లేటవ్వచ్చు నాన్నా. టైరు పంక్చరవ్వచ్చు. అసలు ఇవాళ రాకపోవచ్చు కూడా."

"మీ అమ్మ కోసం పోతున్నానని నేను చెప్పానా?"

"చెప్పలేదు."

"మరి?"

శ్రీదుర్గ నా వంక చూసింది. నేను ఆవాలు ఏరుకుంటున్నాను. తండ్రీ కూతుళ్ళ మధ్య దూరితే చివరికి ఇద్దరూ నా మీదే పడతారు.

"కనీసం పదింటి దాకా ఆగు నాన్నా. నేను ఫోన్ చేసి కనుక్కుంటా."

"స్విచ్చాఫ్‌లో ఉన్న ఫోన్‌కి ఏం చేస్తావు? తప్పుకో అమ్మా. అవతల ఇశ్రాయేలు ఎదురు చూస్తుంటాడు."

ఫ్లాస్కు భుజానికి, గొడుగు చంకలో, ముంజల డబ్బా చేతిలో. పెళ్ళివారికి ఎదురెళ్ళేవాడిలా మెట్లు దిగాడు. నేను బాల్కనీలోకి వెళ్ళి చూశాను. ఆటోనగర్‌కి పోవాలంటే మా పటమట వీధిలోంచి కుడివైపు తిరగాలి. వాడి స్కూటరు ఎడమవైపు తిరిగి బెంజ్ సర్కిల్ దారి పట్టింది. అటు నుంచి కృష్ణ మీది వారధి పది నిమిషాలు.

నాకు నవ్వొచ్చింది. ఈ పదిహేను రోజుల్లో మొదటిసారి. పంతం వాడికి వాళ్ళ నాన్న నుంచి వచ్చింది. ఆయన నాతో మాట్లాడడం మానేసినా మల్లెపూలు మాత్రం తెచ్చి దండెం మీద పెట్టి పోయేవాడు.

"నువ్వెందుకు నవ్వుతున్నావు నానమ్మా?" శ్రీదుర్గ కసిరింది.

"మీ నాన్న గొడుగు పట్టుకుని వారధి మీద నిలబడతాడే. ఇక చాలు. రెండు మాటలు ఆవిడ అంటుంది, నాలుగు మాటలు వీడు అంటాడు, ముంజలు తింటారు, ఇంటికొస్తారు."

అది కుర్చీలో కూలబడింది.

"ఏంటే? మీ అమ్మ వస్తుంటే సంతోషం లేదా నీకు?"

"ఉంది."

"ఇదేనా సంతోషమంటే? లే, ఆ ఫోటో చూపించు. నిన్న నేను జక్కయ్యతో ఫోన్లో ఉన్నాను, కళ్ళజోడు లేదు, సరిగ్గా చూడలేదు."

జక్కయ్య నా తమ్ముడు. మా పుట్టింట్లో ఉంటాడు. దుగ్గిరాల లాకులకి మా ఊరు మూడు మైళ్ళు. చిన్నప్పుడు మా నాన్న పసుపు బస్తాలు బండికెత్తి తీసుకెళ్తుంటే నేనూ పై నుంచి వేలాడుతూ ఆ లాకుల మీదుగా పోయేదాన్ని. తలుపులు ఎత్తే ఇనుప చక్రం ఎన్నిసార్లు తిప్పితే నీళ్ళు ఎంత ఎగురుతాయో నాకు ఇప్పటికీ గుర్తే. నిన్న జక్కయ్య పావుగంట సేపు నాకు గేదెల కష్టం చెప్పాడు. ఆ గోల వింటూ ఫోటో సంగతి సగమే పట్టించుకున్నాను.

"తర్వాత చూద్దువులే" అంది శ్రీదుర్గ.

"ఇప్పుడు చూస్తే అరిగిపోతుందా? ఆ ట్యాబ్ తీసుకురా. అందులో పెద్దగా కనిపిస్తుంది."

"చార్జింగ్ లేదు."

"పొద్దున్నేగా పెట్టావు."

తెచ్చింది. ఇవ్వలేక ఇచ్చింది. నేను కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నాను. లాకులు మావే, అనుమానం లేదు. సైకిలు హ్యాండిల్‌కి పచ్చ తువ్వాలు కట్టి ఉంది. వెనక కాలువ. గట్లకి ఒరుసుకుంటూ నీళ్ళు. గుర్రపు డెక్క తేలుతోంది. ఒక గేదె మెడ దాకా మునిగి, తల మాత్రం పైకి పెట్టి ఉంది.

నేను ఆ గేదెను చూస్తూ ఉండిపోయాను.

"శ్రీదుర్గా."

"ఊ."

"ఈ నీళ్ళెక్కడివే?"

"కాలువలోవి."

"కాలువ కట్టేసి నెల దాటింది. నీళ్ళు లేవు, గేదెల్ని బోరు దగ్గర కడుగుతున్నానని జక్కయ్య నిన్ననే ఏడ్చాడు. బ్యారేజీ దగ్గర తలుపులు దించితే మళ్ళీ జూన్‌లో ఎత్తేదాకా లాకుల దగ్గర బురద తప్ప ఏమీ ఉండదు. ఈ గేదె దేంట్లో మునిగింది?"

నేను రెండు వేళ్ళతో ఫోటోని ఇటూ అటూ లాగాను. కింద మూలన ఎర్రటి మచ్చలాంటిది కనిపించింది. అది చూశాక నాకు ఇంకేం అడగాల్సిన పని లేకపోయింది. అది నా బొటనవేలు.

పోయిన వినాయక చవితి తర్వాత నన్ను కారులో పుట్టింటికి పంపి, ఝాన్సీ సైకిలు మీద వచ్చింది. నేను లాకుల దగ్గర కారు ఆపించి కూర్చుంటే వచ్చి ఆగి, అత్తయ్యా, ఒక ఫోటో తీయండి అని ఫోన్ నా చేతిలో పెట్టింది. నా జన్మలో నేను తీసిన మొదటి ఫోటో. వేలు అడ్డొచ్చింది అని అందరూ నవ్వారు.

"ఇది మీ అమ్మ పెట్టలేదు" అన్నాను.

శ్రీదుర్గ తల అడ్డంగా ఊపింది.

"నువ్వు పెట్టావు."

"అమ్మ పేజీ ఈ ట్యాబ్‌లో తెరిచే ఉంటుంది నానమ్మా. పాత ఫోటోలన్నీ ఇందులోనే ఉన్నాయి. లాకుల పేరు వెనక గోడ మీద రాసి ఉంటే అదే పెట్టేశా."

"రోజూ కాలువ వంతెన దాటి కాలేజీకి పోతావు. అందులో నీళ్ళున్నాయో లేవో చూడలేదా?"

"నేనెప్పుడూ దాని వంక చూడలా."

చెంప పగలగొట్టాలనిపించింది. చేతిలో ట్యాబ్ ఉండిపోయింది.

"ఎందుకు చేశావే ఇంత పని?"

"మరి ఏం చెయ్యను?" "మూడు రోజుల నుంచి నువ్వు తినట్లా. నాన్న గంటకోసారి నా ఫోన్ వంక చూస్తాడు. అడగడు. నేను చెప్పబోతే లేచిపోతాడు. రేపు వస్తానంటే నాన్న ఏదో ఒకటి అంటాడు గదా, తిట్టనైనా తిడతాడు, అప్పుడు మాట్లాడుకుంటారు అనుకున్నా. చొక్కా ఇస్త్రీ చేసుకుంటాడని నాకేం తెలుసు? ముంజలు కొంటాడని నాకేం తెలుసు?"

"తొమ్మిదింటికి అని టైము కూడా రాశావు."

"టైము రాస్తే నిజంలా ఉంటుందని."

వాడు ఒకసారి స్టేషన్లో నిలబడి వట్టి చేతులతో వచ్చాడు. ఆ రోజు నోటి నుంచి వచ్చిన మాట ఇంత దూరం తెచ్చింది. ఇవాళ వారధి మీద నిలబడి మళ్ళీ వట్టి చేతులతో వస్తే ఇక ఏ ఫోటో చూడడు. కొడుకును నేను కన్నాను, నాకు తెలుసు. మూడోసారి ఎదురెళ్ళే రకం కాదు వాడు.

గోడ గడియారం తొమ్మిదిన్నర దాటింది. "మీ నాన్నకి ఫోన్ చేసి చెప్పు" అన్నాను.

"నువ్వు చెప్పు."

"చేసింది నువ్వు."

"కన్నది నువ్వు."

ఇద్దరం ఒకరి వంక ఒకరం గుర్రుగా చూసుకుంటూ ఉండగా దాని ఫోన్ మోగింది. తెర చూసి అది ఫోన్ నా ఒళ్ళో పడేసింది. "అమ్మ."

"చిన్నీ, నా పేజీలో ఆ ఫోటో ఎవరు పెట్టారు? ఫోన్ తెరిచేసరికి రెండొందల మంది వెల్కం అంటున్నారు నన్ను." ఝాన్సీ గొంతు. బొంగురుపోయింది, కానీ అదే గొంతు.

"చిన్ని కాదమ్మాయ్, నేను."

"అత్తయ్యా" అంది.

"ఎక్కడున్నావు నువ్వు?"

"చిలకలూరిపేటలో."

"పడ్డావా? కాలు విరిగిందా?"

"పడలేదు. బాగానే ఉన్నా. ఇక్కడ ఒక సత్రంలో దిగా."

"బాగానే ఉండి మూడు రోజులుగా చిలకలూరిపేటలో ఏం చేస్తున్నావమ్మా? ఆ ఫోన్‌కేం రోగం?"

"నేనే ఆపేశా. తెరిస్తే ఆ మాట మళ్ళీ వినబుద్ధేస్తోంది. విన్నాక రాబుద్ధి కావట్లా." ఊపిరి తీసుకుంది. "రోజూ నాలుగింటికి లేస్తున్నా అత్తయ్యా. టైర్లలో గాలి చూసుకుంటున్నా. హైవే దాకా వస్తున్నా. విజయవాడ ఇన్ని కిలోమీటర్లని బోర్డు ఉంది. దాని కింద కాసేపు నిలబడి వెనక్కి పోతున్నా. ఇప్పుడు కూడా అక్కడే ఉన్నా."

"కన్యాకుమారి నుంచి అంత దూరం తొక్కావు. ఈ కాస్తా తొక్కలేవా?"

"ఆ దారంతా తలుపు తీస్తారా తియ్యరా అనే బెంగ లేదు."

"వాడెవడే తలుపు తియ్యకపోవడానికి? ఈ ఇంట్లో బెల్లు మోగితే ఏనాడైనా వాడు లేచాడా? 'అమ్మా, ఎవరో చూడు' అంటాడు. తలుపు తీసేదాన్ని నేను. నన్ను అడిగావా?"

అటు నుంచి నవ్వో ఏడుపో తెలియని చప్పుడు వచ్చింది.

"నీ తప్పూ ఉంది" అన్నాను. "వాడు స్టేషన్‌కి బయలుదేరకముందు ఒక్క ఫోన్ చెయ్యాల్సింది. పరాయి పిల్ల నోటితో చెప్పించావు."

"ఫోన్ చేస్తే వద్దంటారు. వద్దంటే నేను రైలెక్కేదాన్ని. ఎక్కబుద్ధి కాలా అత్తయ్యా. ఒక్కదాన్నే తొక్కగలనో లేదో చూసుకోవాలనిపించింది." ఆగింది. "ఆ ఫోటో చూసి ఆయన ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. ముంజలు తెచ్చాడు."

"ముంజలా?"

"తనే ఒలిచాడు. సగం చితికిపోయినయ్యి. నువ్వు కొన్న నీలం చొక్కా వేసుకుని, మజ్జిగ ఫ్లాస్కూ గొడుగూ పట్టుకుని పోయి వారధి మీద నిలబడ్డాడు. తొమ్మిదికల్లా వస్తావని."

లైను తెగిందేమోనని ఫోన్ చెవి నుంచి తీసి చూశాను. అంకెలు నడుస్తూనే ఉన్నాయి.

"ఎంతసేపు నిలబడతారు అత్తయ్యా?"

నేను జవాబు వెతుక్కుంటూ ఉండగానే టీవీ దగ్గర పెట్టిన నా చిన్న ఫోన్ మోగింది. శ్రీదుర్గ పరుగున తెచ్చి నా రెండో చేతిలో పెట్టింది. ఒక చెవి దగ్గర కోడలు, రెండో చెవి దగ్గర కొడుకు.

"అమ్మా, ఒక సంగతి చెప్పు." వాడి గొంతు ఆరిపోయి ఉంది. "ఇక్కడ నిలబడి పని లేక ఆ ఫోటోనే చూస్తున్నా. కింద ఏట్లో ఇసుక తప్ప ఏం లేదు. నిన్న జక్కయ్య మామయ్య నీతో ఏమన్నాడు? కాలువ కట్టేశారనే కదా?"

నేను శ్రీదుర్గ వంక చూశాను.

"దుగ్గిరాల లాకుల దగ్గర ఇప్పుడు నీళ్ళున్నాయా అమ్మా?"

శ్రీదుర్గ నా మోకాలు గట్టిగా పట్టుకుంది. ఉన్నాయి అంటే ఇంకో గంట నిలబడతాడు. ఆ తర్వాత?

"లేవురా" అన్నాను.

"అంటే అది రావట్లేదు."

"ఒక్క నిమిషం లైన్లో ఉండు. పెట్టేశావంటే నా మీద ఒట్టే."

రెండు ఫోన్లకీ స్పీకరు పెట్టమని శ్రీదుర్గకి సైగ చేశాను. పెట్టింది. ఆవాల డబ్బా పక్కకి తోసి, భోజనాల బల్ల మీద రెండు ఫోన్లనూ ఎదురెదురుగా ఆనించాను.

"ఇదిగో, ఇద్దరూ ఉన్నారు. నా వల్ల కాదు, మీరే మాట్లాడుకోండి" అన్నాను.

ఇద్దరిలో ఎవరూ ఫోన్ పెట్టెయ్యలేదు. ఒక ఫోన్లోంచి లారీ హారన్ వినిపించింది. కాసేపటికి రెండో దాంట్లోంచీ వినిపించింది. శ్రీదుర్గ ఏదో అనబోయింది. నేను దాని నోరు అరచేత్తో మూశాను.